రానివాళ్ల పేర్లు రాసుకున్న మనిషి

తెలంగాణ రాష్ట్ర క్రీడాశాఖ మంత్రి గారికి,



మా బాపు పోయి ఏడాది కావస్తోంది. ఆయన వదిలివెళ్లిన ట్రంకు పెట్టె నిండా నోటుపుస్తకాలున్నాయి. వాటిలో ఉన్నది మీ శాఖకు పనికొస్తుందన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆయన పేరిట అవార్డు అడగడం లేదు, ఏ స్టేడియానికో ఆయన పేరు పెట్టమనీ అడగడం లేదు. ఆయన గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుడు. షిఫ్టు దిగి వచ్చి మా కాలనీ పిల్లలకు ఖోఖో నేర్పేవాడు. దానికి జీతం లేదు, చేతిలో సర్టిఫికెట్ లేదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో దేశం తరఫున ఆడినవాళ్లు ఎవరూ లేరు. మీ శాఖ దగ్గరున్న ఏ జాబితాలోనూ ఆయన పేరు ఉండే వీలు లేదు కనుక నేనే చెప్పాలి.

మన రాష్ట్రానికి కొందరు తండ్రులు బాగా తెలుసు. పి.వి. సింధు గెలిచిన ప్రతిసారీ ఆమె తండ్రి రమణ గారి పేరు వింటాం. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన వాలీబాల్ జట్టులో ఆడినవారాయన. బాక్సర్ నిఖత్ జరీన్‌ను నిజామాబాద్ మైదానానికి తీసుకెళ్లి పరుగెత్తించిన జమీల్ అహ్మద్ గారు తెలుసు. హైదరాబాద్‌లో ఆటో నడుపుతూ కొడుకు సిరాజ్‌ను క్రికెట్ ఆడించిన మహ్మద్ గౌస్ గారు తెలుసు. 2020 నవంబరులో ఆయన కన్నుమూసినప్పుడు సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉన్నాడు, జట్టుతోనే ఉండిపోయాడు. ఆ వార్త చదివి మా బాపు ఆ పూట అన్నం తినలేదు. ఆ తండ్రులకు దక్కిన గౌరవం నూటికి నూరుపాళ్లూ న్యాయం. వాళ్లు తమ బిడ్డ కోసం పడ్డ పాటును మా బాపు కాలనీ బిడ్డలందరి కోసం పడ్డాడు. అటువంటివాళ్లు ప్రతి పట్టణంలో ఉన్నారు. లైన్‌మన్లున్నారు, ఆర్టీసీ మెకానిక్కులున్నారు, దర్జీలున్నారు. పతకం రాలేదు కాబట్టి పేపర్లో రాలేదు, అంతే.

బాపుది మంథని వైపు ఊరు. పదో తరగతి తప్పాడు. 1983లో సింగరేణిలో బదిలీ వర్కర్‌గా చేరాడు. అప్పట్లో భూగర్భ గనిలో తట్ట, చెమ్మస్ పని: షాట్‌ఫైరర్ పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకెత్తి, తట్టను మోసి టబ్బులో పోయాలి. తర్వాత బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలొచ్చాయి, బాపు టింబర్‌మన్ అయ్యాడు. పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని అది. గనిలో తెగిన గాయం మానేటప్పుడు లోపల బొగ్గుపొడి ఉండిపోతే ఆ మచ్చ జన్మంతా నీలంగానే ఉంటుంది. బాపు ముంజేతుల మీద, నుదుటి మీద అలాంటి మచ్చలు చాలా ఉండేవి. అమ్మకు చేయి బాగాలేని రోజుల్లో ఆ చేతులే నాకూ చెల్లెకూ జడలు వేసేవి. ఆటకు వేసే జడ ఒకలా, బడికి వేసే జడ ఒకలా వేసేవాడు. ఆటకైతే ఎంత బిగించేవాడంటే కనుబొమ్మలు పైకి లేచేవి.

సింగరేణి పల్లెల్లో పుట్టనివాళ్లకు షిఫ్టుల లెక్క తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మొదటి షిఫ్టు పొద్దున ఏడు నుంచి మూడు దాకా. రెండోది మూడు నుంచి రాత్రి పదకొండు దాకా. నైట్ షిఫ్టు పదకొండు నుంచి తెల్లారి ఏడు దాకా. వారానికొకసారి మారుతుంది. మొదటి షిఫ్టు వారం బాపు మూడున్నరకు ఇల్లు చేరి, స్నానం చేసి, ఇంత అన్నం తిని నాలుగున్నరకు గ్రౌండ్‌లో ఉండేవాడు. నైట్ షిఫ్టు వారం పొద్దున ఎనిమిదికి పడుకుని మధ్యాహ్నానికే లేచేవాడు. మే నెలలో రామగుండం ఎండ మీకు తెలుసు. మా రేకుల గదిలో పగటి నిద్ర నిద్రే కాదు. అయినా సాయంత్రం గ్రౌండ్‌కు వచ్చి, చీకటి పడ్డాక ఇంటికొచ్చి, కాసేపు నడుం వాల్చి మళ్లీ గనికి వెళ్లేవాడు. రెండో షిఫ్టు వారం మాత్రం సాయంత్రాలు కుదిరేవి కావు. ఆ వారం తెల్లవారి ఐదున్నరకే ప్రాక్టీసు. సాయంత్రం ఆటను తొమ్మిది, పది తరగతుల అక్కలకు అప్పజెప్పేవాడు. మూడు వారాలకొకసారి గ్రౌండ్ మొత్తం వాళ్ల చేతిలో ఉండేది. విజిల్ వాళ్ల దగ్గరే, గొడవలు తీర్చడం వాళ్లే, చిన్నపిల్లలను ఇళ్లకు దింపడం వాళ్లే. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు గురుకులాల్లో పీఈటీలు. తమకు ఆ పని వచ్చింది రెండో షిఫ్టు వారాల్లోనే అని ఇద్దరూ చెప్తారు.

ఖోఖోనే ఎందుకు ఎంచుకున్నాడని పెద్దయ్యాక అడిగాను. ఊళ్లో బడిలో ఆడాడు కాబట్టి అది వచ్చు, అది ఒక కారణం. రెండోది, "బంతి కొనే పని లేదు బిడ్డా. నెట్టు కొనే పని లేదు. బక్క పోరగాళ్లు ఉరికినట్టు బలిసినోళ్లు ఉరకరు" అన్నాడు. నిజమే. ఎనిమిది మంది ఎదురెదురు దిక్కులు చూస్తూ వరుసగా కూర్చుంటారు, తొమ్మిదో మనిషి తరుముతాడు, అవతలి జట్టు నుంచి ముగ్గురేసి రన్నర్లు దిగుతారు. కావలసినవల్లా ఇరవయ్యేడు మీటర్ల పొడవు, పదహారు మీటర్ల వెడల్పు చదునైన నేల, రెండు పోల్స్, గుప్పెడు సున్నం. క్వార్టర్ల వెనక సర్కారు తుమ్మ పెరిగిన జాగాను బాపు, ఆయన షిఫ్టు తోటివాళ్లు కొన్ని ఆదివారాలు పనిచేసి బాగుచేశారు. ముళ్లు ఏరడానికి మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టారు. పోల్స్ వడ్రంగి దగ్గర చేయించాడు. నేల మీద నూట ఇరవై సెంటీమీటర్లకు తగ్గకూడదు, మందం పిల్లల చేతికి పట్టేలా ఉండాలి, ఎక్కడా పెచ్చు లేవకూడదు. పోల్ పట్టుకుని తిరిగేటప్పుడు అరచేతిలో పెచ్చు దిగితే ఆ పిల్ల మళ్లీ పోల్ దగ్గరికి ధైర్యంగా రాదని, గాజు కాగితంతో తానే గంటలు గంటలు నున్నగా చేసేవాడు. గనిలో దిమ్మె నిలబెట్టేవాడు కదా, ఆ రెండు పోల్స్ నిటారుగా నాటడంలో ఆయనకున్న పట్టింపు నేను మరే గ్రౌండ్‌లోనూ చూడలేదు.

ఇక నోటుపుస్తకాలు.

గనిలో మస్టర్ (హాజరు) పడితేనే ఆ రోజు కూలి. అప్పట్లో ఏడాదికి నూట తొంభై మస్టర్లు నిండితేనే భూగర్భ కార్మికుడికి సెలవుల హక్కు ఉండేది. అలాంటి లెక్కలో బతికిన మనిషి పిల్లలకూ మస్టర్ పెట్టాడు. ఎడమవైపు పేర్లు, పక్కన తండ్రి ఏ గనిలో ఏ షిఫ్టు, ఆపైన తేదీల గళ్లు. వచ్చినవాళ్లకు చిన్న గీత. రానివాళ్ల గడి మాత్రం ఖాళీగా వదిలేవాడు కాదు. ఎందుకు రాలేదో కనుక్కుని ఆ గడిలోనో, పేజీ వెనకనో రాసేవాడు. తప్పులతడక రాత, ఇంట్లో మాట్లాడినట్టే ఉంటుంది. "జరం." "లాగు చినిగింది." "చెల్లెను ఎత్తుకుంటాంది." "నల్లా కాడ లైను." "ముల్లు దిగింది." "అయ్య తాగచ్చి కొట్టిండు." "పెద్దమనిషైంది." "ఇగ రాదట."

నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచర్‌ని. గడచిన వేసవి సెలవుల్లో ఆ పుస్తకాలన్నీ ముందు పెట్టుకుని వరుసగా చదివాను. చదువుతుంటే ఒక్కో కారణానికి ఒక్కో కాలం ఉన్నట్టు కనిపించింది. నల్లా దగ్గర లైను ఎండాకాలంలో ఎక్కువ, అదీ ఆడపిల్లల గళ్లలోనే. తండ్రి తాగి కొట్టిన మాట జీతాలు పడిన తర్వాతి వారంలో ఎక్కువ. మగపిల్లలు పదో తరగతి పరీక్షల నుంచి జారిపోతారు. ఆడపిల్లలు ఏడు, ఎనిమిది తరగతుల్లోనే ఆగిపోతారు. "పెద్దమనిషైంది" అన్న మాట తర్వాత ఒక్క గీతా లేకుండా ఆగిపోయిన పేర్లు కొన్ని. ఇంకొన్ని పేర్లలో మాత్రం రెండు మూడు నెలల తర్వాత గీతలు మళ్లీ మొదలవుతాయి. అలా మొదలైన చోటల్లా పక్కన ఒక మాట ఉంది: "మా ఆమె పోయి మాట్లాడింది."

మా ఆమె అంటే మా అమ్మ. ఈ ఉత్తరం బాపు గురించే అయినా అమ్మను వదిలేస్తే అబద్ధం రాసినట్టే. ఆడపిల్ల మళ్లీ గ్రౌండ్‌కు రావాలంటే ఇంట్లోని ఆడవాళ్లతో మాట్లాడాలి. ఆ మాటలు మగమనిషి మాట్లాడలేడు. అమ్మ వెళ్లి, వాళ్లింట్లో కూర్చుని, బట్ట ఎలా వాడాలో, ఆ రోజుల్లో ఆడాలా మానాలా, పొట్ట నొప్పికి ఏం చేయాలో చెప్పి వచ్చేది. ఆ తర్వాత రోజూ సాయంత్రం గ్రౌండ్ అంచున చాప పరుచుకుని కూర్చునేది. ఆమె అక్కడుందన్న ఒక్క ధైర్యంతో పంపిన తల్లులు ఎందరో. ఎత్తుకునే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఆ చాప మీదికే వచ్చేవాళ్లు; పెద్దపిల్ల ఆడుకునేది, పసివాళ్లను అమ్మ చూసుకునేది. ఆట అయ్యాక ఇంత బెల్లం, ఇన్ని పల్లీలు. అది ఎవరి డబ్బులతోనో వేరే చెప్పనక్కర్లేదు. కిరాణా ఖాతాలో మా ఇంటి పల్లీల లెక్క చూసి దుకాణం సేటు నవ్వేవాడు.

తండ్రులతో మాట్లాడడం బాపు వంతు. ఇంటికి వెళ్లి అడిగితే మగాళ్లు బింకంగా ఉంటారని ఆయనకు తెలుసు. గనిలో అడిగేవాడు. దిగేటప్పుడు పక్కన నడుస్తూనో, అన్నం డబ్బాలు విప్పుకున్నప్పుడో. పైకప్పు కింద తన ప్రాణం కాచే టింబర్‌మన్ మాట కాదనడం ఎవరికైనా కష్టం. "నా బిడ్డతోనే పోతది, నా బిడ్డతోనే వస్తది" అని హామీ ఇచ్చేవాడు. ఆ బిడ్డను నేను. అందుకే నాకు ఒంట్లో బాగున్నా లేకున్నా గ్రౌండ్‌కు వెళ్లక తప్పేది కాదు. ఆడలేకపోతే అమ్మ పక్కన చాప మీద కూర్చునేదాన్ని. నల్లా దగ్గర లైను సమస్యకు ప్రాక్టీసును అరగంట వెనక్కి జరిపాడు. చినిగిన లాగులకు దర్జీతో మాట్లాడి, ఒకే తాన్లో అందరికీ కుట్టించాడు. అన్నిటికీ దారి దొరకలేదు. "ఇగ రాదట", "ఇగ రాడట" అన్న దగ్గర ఆగిపోయిన పేర్లు ప్రతి పుస్తకంలోనూ ఉన్నాయి. వాటిలో కొన్నిటి కింద ఏళ్ల తర్వాత వేరే సిరాతో రాశాడు: "పెండ్లయింది." "బొంబాయి పోయిండు." ఒక పేరు కింద "చనిపోయింది, కాన్పుల" అని ఉంది. ఆ పిల్ల నాతో పాటు ఆడింది. మంచి రన్నర్.

ఇల్లు గడిచిన తీరు కూడా చెప్పాలి. ఆదివారం డ్యూటీకి వెళ్తే మామూలు కంటే ఎక్కువ జీతం. మా దగ్గర దాన్ని ప్లే డే అంటారు. తోటివాళ్లు ప్లే డేల కోసం ఎదురుచూస్తుంటే బాపు ఆదివారం గ్రౌండ్‌లో ఉండేవాడు. అమ్మ దాని మీద తగువు పెట్టుకునేది, పెట్టుకోవడం న్యాయమే. ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు: జూన్‌లో బడులు తెరిచేటప్పుడు, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనప్పుడు, పెండ్లిళ్ల అప్పున్నప్పుడు ప్లే డే వదలకూడదు. మిగతా ఆదివారాలు పిల్లలవి. ఆ మాట ఆయన తప్పలేదు. నా డిగ్రీ, బీఈడీ, చెల్లె నర్సింగ్, నానమ్మ కంటి ఆపరేషన్, సొంతూళ్లో బాపు తమ్ముడి వాటా తగాదా తీరడానికి కట్టిన డబ్బు, అన్నీ ఆ జీతంలోంచే. మేము అడిగింది కాదనిపించుకున్న గుర్తు లేదు. అయితే తనకంటూ ఏమీ కొనుక్కోలేదన్నది కూడా నిజం. చెప్పులు అరిగిపోతే టైరు చెప్పులు.

పోటీలకు వెళ్లేటప్పుడు బడి పీఈటీ సారుకు తోడుగా బాపు సెలవు పెట్టి వచ్చేవాడు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలెక్షన్లకు మొదట మండలం, తర్వాత జోనల్, తర్వాత అప్పటి మా జిల్లా కేంద్రం కరీంనగర్. రాష్ట్ర స్థాయికి వెళ్తే రామగుండం స్టేషన్‌లో జనరల్ బోగీ ఎక్కడం, ఎవరో ఖాళీ చేసిన బడి గదుల్లో బల్లలు జరిపి పడుకోవడం. ఆయన సంచిలో దూది, టించర్, గ్లూకోజ్ పొట్లాలు, నిమ్మకాయలు, ఒక గోళ్ల కత్తెర. గోళ్లు పెరిగి ఉంటే వెన్ను మీద ఖో ఇచ్చేటప్పుడు గీరుకుపోతుంది. మ్యాచ్‌కు ముందు అందరి చేతులూ చాపించి చూసి, ఒక్కొక్కరి గోళ్లు తానే తీసేవాడు. ఓడిపోయి వచ్చేటప్పుడు రైల్లో ఆట గురించి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. మర్నాడు గ్రౌండ్‌లో మాట్లాడేవాడు. అదీ ఫలానావాళ్ల తప్పని కాదు. "ఖో వినకముందే లేచినం, రెండు ఫౌళ్లు" అని అందరికీ కలిపి.

ఒక ఏడాది ప్రాక్టీసులో పోల్ దగ్గర డైవ్ చేసిన బాబుకు కాలర్ ఎముక విరిగింది. బడి టైము కాదు, బడి ఆవరణ కాదు, ఏ సంఘం కిందా నమోదైన పోటీ కాదు. ఆ దెబ్బకు బాధ్యులెవరూ లేరు. బాబు తండ్రి కాంట్రాక్టు కూలీ, కంపెనీ ఆసుపత్రి వర్తించదు. వైద్యం ఖర్చు బాపు పెట్టుకున్నాడు. ఆ తండ్రి ఒక్క మాట అనలేదు, నెల తర్వాత బాబును మళ్లీ పంపాడు కూడా. కాని ఆ నెలంతా బాపు నిద్రపోలేదని అమ్మ చెప్పేది. ఇంకా పెద్ద దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదన్న భయంతో రెండు వారాలు ప్రాక్టీసు ఆపేశాడు. నోటుపుస్తకంలో ఆ రెండు వారాల గళ్లలో పిల్లలందరి పేర్ల ఎదురుగా ఒకే కారణం ఉంది: "నేను పోలేదు."

ఇప్పుడు మీ శాఖ పని గురించి. ప్రతి ఊరికీ ఒక క్రీడా ప్రాంగణం ఉండాలన్న ఆలోచన 2022లో మన రాష్ట్రంలో మొదలైంది. ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ కోర్టులకు జాగా చూపించారు. అది గొప్ప ఆలోచన అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. మా ముళ్లజాగాను బాగుచేయడానికి బాపు పడ్డ కష్టం ఇంకొకరు పడనక్కర్లేదు. నా బడికి దగ్గరలోనూ ఒకటి ఉంది. బోర్డు ఉంది, లాంగ్‌జంప్ గుంత ఉంది. సాయంత్రం నాలుగున్నరకు అక్కడ పిల్లలుండరు, ఎందుకంటే రోజూ అదే వేళకు వచ్చి నిలబడే మనిషి లేడు. ప్రాథమిక పాఠశాలల్లో పీఈటీ పోస్టే ఉండదు. ఉన్నత పాఠశాలలో పీఈటీ ఉన్నా ఆయన పని బడి గంటతో ముగుస్తుంది. ఆ తర్వాతి రెండు గంటలే పిల్లలు ఆటలోకో మరోదానిలోకో వెళ్లే వేళ.

ఒకప్పుడు మా బొగ్గు పట్టణాల్లో ఆ రెండు గంటలకు మనుషులు దొరికేవాళ్లు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. షిఫ్టుల వల్ల పట్టణంలో ఏ వేళ చూసినా చాలామంది మగవాళ్లు ఖాళీగా ఉండేవాళ్లు. కంపెనీ కార్మికులకు ఆటల పోటీలు పెట్టేది, గనికో జట్టుండేది. వాలీబాల్ ఆడేవాళ్లు పిల్లలకు వాలీబాల్ నేర్పేవాళ్లు, మా బాపు ఖోఖో నేర్పాడు. ఇప్పుడు కార్మికులు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. క్వార్టర్ల వరుసలు సగం ఖాళీ. కాంట్రాక్టు పనిలో ఉన్నవాళ్లకు బాపుకు ఉన్నపాటి భద్రత లేదు. ఉదయం పోతే ఎప్పుడొస్తారో తెలియదు. ఇంట్లో నిలకడగా జీతం వచ్చింది కాబట్టి, ఎనిమిది గంటలకే డ్యూటీ ముగిసింది కాబట్టి బాపు ఇవ్వగలిగాడు. అలా ఇవ్వగలిగే స్థితి ఇప్పటి కార్మికుడికి లేనప్పుడు ఆ పనికి డబ్బు చెల్లించక తప్పదు.

కేంద్రం ఖేలో ఇండియా కేంద్రాల్లో పతకాలు గెలిచిన మాజీ క్రీడాకారులను శిక్షకులుగా పెట్టి వాళ్లకు పారితోషికం ఇస్తోంది. మంచి పద్ధతి. వాళ్ల బతుకుకు అది ఆసరా. కాని ఎనిమిదేళ్ల పిల్లకు మొదటి గురువు కావడానికి పతకం అవసరం లేదు. 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టుకు బంగారం తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో నాలుగు వందల మీటర్లలో కాంస్యం గెలిచిన దీప్తి జీవాంజి వరంగల్ జిల్లా కల్లెడలో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడింది. ఆ పిల్ల పరుగెత్తిన వేళకు చూసే మనిషి అక్కడ ఉన్నాడు. ఆ తర్వాతే నాగపురి రమేశ్ లాంటి ద్రోణాచార్య అవార్డు గ్రహీత చేతికి వచ్చింది. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలలకు నాలుగో తరగతిలో ఎంపిక చేసేటప్పుడు పిల్లలను పరుగెత్తించి, దూకించి, మెడిసిన్ బాల్ విసిరించి మార్కులు వేస్తారు. ఆ రోజుకు పిల్లలు ఒక్కసారైనా ఆ బాల్ పట్టుకుని ఉండాలి కదా. బాపు ఇసుక నింపిన పాత రబ్బరు బంతితో నేర్పేవాడు.

అందుకే ప్రాంగణానికి ఒక మనిషి కావాలని అడుగుతున్నాను. సాయంత్రం రెండు గంటలు, వారానికి ఆరు రోజులు. గౌరవంగా బతకదగ్గ పారితోషికం, నెల నెలా ఆలస్యం కాకుండా. అర్హత విషయంలో చదువు, పతకాలు చూడండి, కాదనను. కాని ఆ ఊళ్లో ఇప్పటికే ఏళ్లుగా పిల్లలను ఆడిస్తున్న మనిషి ఉంటే, హెడ్‌మాస్టరూ తల్లిదండ్రులూ సంతకం పెడితే, ఆ మనిషికే మొదటి అవకాశం ఇవ్వండి. మనిషి అన్నాను, మగవాళ్లనే కాదు. ఆడపిల్లలు ఎనిమిదో తరగతి దాటి ఆటలో ఉండాలంటే గ్రౌండ్ అంచున మా అమ్మ లాంటి ఒకరు కూర్చోవాలి, ఆమెకూ డబ్బు ఇవ్వాలి, పక్కన తలుపు గడియ పడే మరుగుదొడ్డి ఉండాలి. ఇది ఎవరో చేసిన సర్వే నుంచి చెప్పడం లేదు. ఆ పుస్తకాల్లో ఒక్కొక్క పేరు పక్కన రాసి ఉంది.

ప్రాంగణాల్లో నిలబడే వాళ్లకు శిక్షణ కూడా కావాలి. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది. దాని ప్రకటనను పేపర్లోంచి కత్తిరించి బాపు ఒక పుస్తకంలో దాచుకున్నాడు. ఆరు వారాలు జీతం లేకుండా ఉండే స్థితి కాదు అప్పుడు మాది. నేను డిగ్రీలో, చెల్లె ఇంటర్‌లో. వెళ్లాలన్న మాట కూడా ఇంట్లో ఎత్తలేదు. ఆ కాగితం చూశాకే మాకు తెలిసింది. మన రాష్ట్రంలో యంగ్ ఇండియా క్రీడా విశ్వవిద్యాలయానికి చట్టం చేశారు. కూలీ, డ్రైవరు, కార్మికుడు కూర్చుని నేర్చుకోగల చిన్న కోర్సులు, వాళ్ల భాషలో, పనిరోజుల కూలి ఇచ్చి మరీ, జిల్లాల్లోనే నడపడం ఆ విశ్వవిద్యాలయం మొదటి పనుల్లో ఒకటి కావాలి. పిల్లల ఎముకలు ఏ వయసులో ఎంత ఓర్చుకుంటాయో, తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలో బాపుకు ఎవరూ చెప్పలేదు. తన బుద్ధితో, భయంతో నెట్టుకొచ్చాడు. ప్రాంగణంలో ఆడే ప్రతి బిడ్డకూ ప్రమాద బీమా ఉంటే ఆ భయం సగం తగ్గేది.

ఇంకొక్కటి. ప్రాంగణంలో పెట్టే ఆ మనిషి చేతికి ఒక హాజరు పుస్తకం ఇవ్వండి. వచ్చినవాళ్ల లెక్క అందరూ రాస్తారు. రానివాళ్లు ఎందుకు రాలేదో రాయించండి. మూడు నెలలకొకసారి ఆ కారణాలు జిల్లా క్రీడాధికారి బల్ల మీదికి రావాలి. ఎక్కడ నీళ్ల లైను వల్ల ఆట ఆగుతోందో, ఎక్కడ బస్సు వేళ వల్ల, ఎక్కడ పెండ్లి వల్ల ఆగుతోందో అప్పుడు తెలుస్తుంది. వాటిలో చాలావాటికి కోట్లు అక్కర్లేదు. అరగంట వెనక్కి జరపడం, ఒక తాను బట్ట, ఒక ఇంటికి వెళ్లి చెప్పే ఒక మాట.

2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో తొలి ప్రపంచకప్ జరిగినప్పుడు బాపు మంచం మీదే ఉన్నాడు. ఫైనల్లో మన అమ్మాయిలు నేపాల్‌ను 78–40తో ఓడించారు. మ్యాట్ మీద, దీపాల వెలుగులో, టీవీలో తన ఆట. ఆయన పక్కన అప్పటి మా జట్టులోని నలుగురైదుగురు ఉన్నారు, వాళ్ల పిల్లలున్నారు. అందరూ చప్పట్లు కొడుతుంటే బాపు అడిగింది ఒక్కటే: "ఈ పోరగాండ్లు యాడ నేర్సుకున్నరో, మొదలు ఎవలు నేర్పిండ్రో జెప్తలేరేందే?" వ్యాఖ్యాతలకు ఆ వివరం తెలిసి ఉండకపోవచ్చు. మీరు తలచుకుంటే మన రాష్ట్రం వరకైనా ఆ పేర్లన్నీ ఒకచోట నమోదు చేయించగలరు.

పుస్తకాల్లో పిల్లల పేర్లు, ఇళ్ల సంగతులు ఉన్నాయి కనుక అలాగే ఇవ్వలేను. పేర్లు తీసేసి, కారణాలను తరగతి వారీగా, నెలల వారీగా పట్టికలు వేసి రాస్తున్నాను. జూన్‌లో బడులు తెరిచేలోపు పూర్తవుతుంది. మీ కార్యాలయంలో ఎవరికి ఇవ్వమంటే వాళ్లకు తెచ్చి ఇస్తాను. అడిగితే వచ్చి వివరిస్తాను. మా జట్టులో ఆడి ఇప్పుడు పీఈటీలైన ఇద్దరూ నాతో వస్తామన్నారు.

ఇట్లు,
ఒక సింగరేణి కార్మికుడి కూతురు,
గోదావరిఖని